ఆ ఐదుగురిలో మనమున్నామా?

బెంటన్‌విల్‌లో వాల్‌మార్ట్ ప్రధాన కార్యాలయం ఉండబట్టి, మన పండగ భోజనాల దగ్గర కూడా ‘యూజబిలిటీ టెస్టింగ్’ మాట దొర్లుతుంటుంది. కొత్త యాప్‌ను మామూలు మనుషుల చేతికిచ్చి, సాయం చెయ్యకుండా, ఎక్కడ తడబడతారో చూడటమన్నమాట. ఐదుగురు చాలు, 85 శాతం లోపాలు బయటపడతాయని 2000లో జేకబ్ నీల్సన్ రాశారు. వాడేవాళ్లు వేర్వేరు తీరులైతే ఒక్కో తీరు నుంచీ కొందరిని పిలవాలనీ ఆయనే అన్నారు. ఆ రెండో మాట ఎవరికీ గుర్తుండదు! ఇంటిపేరు ముందు రాసే మనకి ‘ఫస్ట్ నేమ్’ గడి దగ్గరే చిక్కు. అత్తయ్యగారికి ఇంగ్లీషు వచ్చినా ఆ లేత బూడిదరంగు అక్షరాలు ఆనవు. టెస్టుకి రమ్మని ఎవరైనా అడిగితే, “నాకు టెక్నాలజీ తెలీదండీ” అని తప్పుకోకండి. వాళ్లు వెతికేది అలాంటివాళ్ల కోసమే. తడబడిన చోట మొహమాటంగా నవ్వేయకుండా, “ఇది అర్థం కాలేదు” అని పైకే అనండి.