ఊరి దిక్కున ఇల్లు

ఏ ఊరిలో కాపురముండవలెనో సుమతి శతకకారుడు ఏనాడో చెప్పినాడు. అప్పు, వైద్యము, ఎండని ఏరు మొదలైనవి గల ఊరు చూచుకొమ్మని ఆయన ఉపదేశము. ఆ పద్యము వల్లెవేయని విద్యార్థి మన బడులలో అరుదు. అయితే అందులో ఒక్క సంగతి కానరాదు. కాపురమున్న చోటికిని పనిచేయు చోటికిని నడుమ దూరము ఎంత ఉండవలెను? ఆ కాలమున ఆ ప్రశ్నయే పుట్టలేదు. రైతునకు పొలము ఊరి పొలిమేరలోనే ఉండెను. నేతగానికి మగ్గము నట్టింటనే ఉండెను.

సిరిసిల్లలో గుంటమగ్గములు పోయి సాంచాలు వచ్చిన తరువాత సైతము పలువురు నేతన్నలకు పనికి పోవుట యనగా రెండు వీథులు దాటుటయే. కోరుట్ల ప్రాంతపు పసుపు రైతు, జగిత్యాల మామిడితోటల రైతు ఉదయము పోయి మధ్యాహ్న భోజనమునకు ఇల్లు చేరగలరు. ఇట్టి ఇండ్లలో పుట్టిన పిల్లలకే నేడు క్రొత్త చిక్కు వచ్చినది. దుబాయి పోయినవానికి (మా వైపు గల్ఫు దేశములన్నిటికిని దుబాయి అనియే పేరు) ఇల్లు వెదకుకొను పని లేదు. కంపెనీ చూపిన గదియే గది. భివండీకి పోయిన నేతగాడు తనవారున్న వాడలోనే తల దాచుకొనును. హైదరాబాదులో ఉద్యోగము దొరకినవాడే ఇల్లు ఎచ్చట కొనవలెనో తోచక తల పట్టుకొని కూర్చుండును. నగరము నడుమ కొనుటకు చేతిలోని సొమ్ము చాలదు. శివారులకు పోవలెను. ఏ శివారు?

ఇచ్చట ఒక వింత గమనింపదగినది. హైదరాబాదు శివారులలో ఏ జిల్లావారు ఏ దిక్కున స్థిరపడిరో చూచినచో తెలంగాణ పటమే చిన్నదై కనబడును. నల్లగొండ వారు ఎల్బీనగరు, వనస్థలిపురముల వైపు మొగ్గినారు; వరంగల్లు వారు ఉప్పల్ వైపు మొగ్గినారు. మన పాత కరీంనగరు జిల్లావారు, అనగా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల వారును, సికింద్రాబాదునకు ఉత్తరమున అల్వాల్, బొల్లారము, శామీర్‌పేటల దిక్కున రాజీవ్ రహదారిని పట్టుకొని ఇండ్లు కట్టుకొనిరి. అందరును కాదు, చాలమంది. అచ్చటివారికి జూబిలీ బస్ స్టేషను దగ్గర. బతుకమ్మ పండుగనాడు అక్కడ బస్సెక్కినచో దిగుట ఊరిలోనే. ఎవరును సభ చేసి తీర్మానించినది కాదిది. ప్రతివాడును తన ఇంటి బేరము తానే చేసికొన్నాడు. అయినను అందరి ముఖములును ఊరి దిక్కునకే తిరిగినవి.

దీనిని చాదస్తమనువారు కలరు. నేను అనజాలను. జగిత్యాలలో ముసలితల్లికి రాత్రి ఆయాసము వచ్చినదని కబురందినపుడు, ఆ సుమారు 200 కిలోమీటర్ల దారిలో నగరము దాటుటకే గంటన్నర పట్టుటకును, ఇంటి ముందరనే రహదారి యుండుటకును గల భేదము ఎంతటిదో అనుభవించినవారికే తెలియును. అయితే ఈ సుఖమునకు వెల ఉన్నది. అది రిజిస్ట్రేషను కాగితములో కనబడదు.

ఒక్క పూటలో దూరము పోయి ఇల్లు చేరగోరిన గృహస్థు మన సాహిత్యమున ఎవరని అడిగినచో నాకు ప్రవరుడే తోచును. మనుచరిత్రములో ఆయన సిద్ధుడిచ్చిన పాదలేపము పూసికొని అరుణాస్పదపురమునుండి హిమాలయమునకు క్షణములో చేరినాడు. పోవుట సుఖముగనే జరిగినది. మధ్యాహ్నమైనది, ఇల్లు చేరి అనుష్ఠానము చూచుకొందమనుకొనునప్పటికి మంచునకు లేపము కరగిపోయినది. తరువాతి కథ వరూధినిది కనుక దానినే మనము మక్కువతో పాఠము చెప్పుదుము. కాని ప్రవరుని అసలు కష్టము దూరము కాదు, తిరుగుదారి లేకపోవుట. ఇండ్లు అమ్మువారు మనకు వినిపించునది ఎల్లప్పుడును పాదలేపపు లెక్కయే. గచ్చిబౌలికి అరగంట ప్రయాణమందురు. ఏ వేళకు బయలుదేరిన అరగంటయో చెప్పరు. సాయంకాలము తిరిగివచ్చుటకు ఎంతసేపో అసలే చెప్పరు.

అల్వాల్ నుండి గచ్చిబౌలి సుమారు 30 కిలోమీటర్లు. పోను గంటన్నర, రాను గంటన్నర అనుకొందము. సంవత్సరమునకు 250 పనిదినములైనచో 750 గంటలు. ఇరువదినాలుగు గంటల రోజులుగా మార్చినచో 31 దినములు దాటును. అనగా ఏటికొక నెల రాత్రింబవళ్లు దారిలోనే గడచును. ఏడవ తరగతి పిల్లవాడు చేయగల ఈ లెక్కను లక్షలు వెచ్చించు తండ్రి చేయడు. ఇల్లు కొనుటకు ముందు ఆ పేటలో ఆరు నెలలు కిరాయికి ఉండి చూచుట మేలు. అదియు కుదరనిచో వానకాలములో ఒక సోమవారము ఉదయము అచ్చటినుండి కార్యాలయమునకు పోయి, సాయంకాలము తిరిగి రావలెను. ఆదివారము మధ్యాహ్నము స్థలము చూచి మురిసి బయానా ఇచ్చువాడు రహదారి నిద్రించునపుడు దాని ముఖము చూచినవాడు.

మార్గములు మెరుగు కాలేదనరాదు. జూబిలీ బస్ స్టేషను నుండి మహాత్మాగాంధీ బస్ స్టేషను వరకు 2020 ఫిబ్రవరిలో మెట్రో నడిచినది. 2023 ఏప్రిల్ 8న ఎం.ఎం.టి.ఎస్. రైలు బొల్లారము మీదుగా మేడ్చల్ వరకు సాగినది. శామీర్‌పేట వైపు ఎత్తుదారికి 2024 మార్చిలో శంకుస్థాపన జరిగినది. అయితే శంకుస్థాపన చూచి ఇల్లు కొనుట వధువు జాతకము చూచి తొట్టెల కొనుట వంటిది. నడుచుచున్న బండిని, దాని వేళలను చూచి కొనవలెను.

నగరపు అంచులకు జనము జరుగుట మనతో మొదలైనది కాదు. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి వేలాది ప్రాణములను బలిగొనిన తరువాత, 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంఘము ఇరుకు బస్తీలను తీసివేసి గాలి వెలుతురులు గల ఇండ్లు కట్టించినది. ఇంగ్లండులో ఎబినీజర్ హోవర్డ్ 1898లో ఉద్యానపురముల గ్రంథము వ్రాసినాడు. 1903లో లెచ్‌వర్త్ అను పురము మొదలైనది. ఆయన ఊహలో ఇండ్లతోపాటు కార్ఖానాలును ఆ పురమునకే రావలెను. మన శివారులు ఆయన తోటను మాత్రము, అదియు ప్రకటనపు బొమ్మలో, తెచ్చుకొన్నవి. పనిని నగరపు రెండవ కొసన విడిచిపెట్టినవి.

శతకకారుడు ముందుగనే ఎంచిన నీటి సంగతి కూడ చూడవలెను. పాత కరీంనగరు జిల్లాలో ఎల్లంపల్లి వద్ద నిలిపిన గోదావరి నీరు 2015 చివరినుండి గొట్టములలో హైదరాబాదునకు పోవుచున్నది. మన పిల్లలు పోయిన దిక్కునకే మన ఏరును పోయినది. కాని పెద్ద గొట్టము ప్రక్కనుండి పోవుచున్నంత మాత్రమున మన కుళాయిలో నీరు పడునని కాదు. ఎండకాలములో ఆ వీథికి ట్యాంకరు వచ్చుచున్నదా అని పొరుగింటి ఇల్లాలిని అడుగవలెను. ఆమె అబద్ధమాడుటకు కారణము లేదు.

నీరు లేకపోవుట ఒక బాధ. ఉండరాని చోట ఉండుట మరియొకటి. ఇచ్చట తెలుగు పంతులుగా నాకు తోచిన చిట్కా ఒకటి చెప్పెదను. స్థలము పేరును సంధి విడదీసినట్లు విడదీసి చదువుడు. నల్లకుంట పేరులో కుంట ఉన్నది. మాసబ్ ట్యాంకు పేరులో ఆంగ్లపు చెరువు ఉన్నది. నీరు పోయినను పేరు పోలేదు. కుంట, చెరువు, కట్ట, వాగు, అలుగు అను మాటలు పాత పేరున దాగియున్న చోట క్రొత్తగా ఎంత కమ్మని పేరు పెట్టినను, అది శిఖము భూమియేమో రెవెన్యూ పటములో చూచి తీరవలెను. 2020 అక్టోబరు వానలలో చెరువు కడుపున కట్టిన కాలనీలు రోజుల తరబడి నీటిలో నిలిచినవి. నీటికి తన ఇంటి దారి గుర్తున్నది. పదవీ విరమణపు సొమ్మంతయు అట్టి స్థలమున పోసిన ఉపాధ్యాయుల గతి తలచినచో కడుపు తరుగుకొనిపోవును.

ముసలివారి మాట ఎవరును బేరములో చేర్చరు. కొడుకు మూడు గదుల ఇల్లు కొని కోరుట్లనుండి తండ్రిని పిలుచుకొనిపోవును. భవంతి ఇంటిలో, నడుమ ఆకాశము చూచుచు బ్రదికిన మనిషికి ఐదవ అంతస్తులో పొద్దు గడవదు. అట్టి పెద్దమనిషి ఒకాయన నెల తిరుగకముందే మరలివచ్చి నాతో అన్నమాట ఇది: “సారూ, అరుగు లేని ఇంట్ల మనిషెట్ల కూసుంటడు?” ఇల్లు చూడబోవునపుడు ఆ ముసలివానిని వెంట తీసికొనిపోయి ఒక పూట అచ్చట కూర్చుండబెట్టి యుండవలసినది. గుడి, పార్కు, కిరాణా దుకాణము అతని కాలినడక దూరములో ఉన్నవో లేవో అతడే చెప్పియుండును.

ఇది హైదరాబాదు ముచ్చట మాత్రమే అనుకొనరాదు. మనలో ఎందరు కరీంనగరులో కాపురముండి సిరిసిల్లకో, జగిత్యాల పల్లెలకో బడికి పోయి వచ్చుచున్నారో పాఠకులకు తెలియును. సిరిసిల్ల సుమారు 40 కిలోమీటర్లు, జగిత్యాల 50 కిలోమీటర్ల పైచిలుకు. పిల్లల చదువులకు, వైద్యమునకు పట్టణమే మేలన్న మాట కాదనలేను. శతకకారుడును వైద్యుడున్న ఊరినే కోరినాడు. కాని బడిగంట బస్సు వేళకు లొంగిపోవుట మంచిది కాదు. చివరి గంట కొట్టగానే పంతులు గుమ్మము దాటినచో, లెక్క అర్థముకాని పిల్లవాడు దానిని ఎవరినడుగును? ఇల్లు ఎంచుకొనునపుడు ఆ పిల్లవానికొక అరగంట మిగులునట్లు చూచుకొనుట అసాధ్యము కాదు. కరీంనగరులోనే బడిదారి వైపు పేట చూచుకొన్నను ఆ అరగంట చేతికి వచ్చును.

ఇక సిరిసిల్ల వారికి క్రొత్త ఆలోచన ఒకటి మొదలైనది. మనోహరాబాదు నుండి కొత్తపల్లికి పోవలసిన రైలుమార్గమునకు 2016 ఆగస్టులో శంకుస్థాపన జరిగినది. సిద్దిపేట వరకు 2023 అక్టోబరు 3న బండి వచ్చినది. ఆ మార్గము సిరిసిల్ల మీదుగనే పోవలెను. శివారులో ఇల్లు కొనుట మాని ఊరిలోనే ఉండిపోవచ్చునా అని ఇద్దరు ముగ్గురు పూర్వవిద్యార్థులు నన్నడిగినారు. వారిలో ఒకడు ఉదయపు బండి సంగతి ఎత్తనే లేదు. సాయంకాలము నగరమునుండి చివరి బండి ఎన్ని గంటలకు బయలుదేరునని అడిగినాడు.