చాపకూడున వారికిని చోటు

పలనాటి పేరు చెప్పగానే కారెంపూడి రణరంగముతోపాటు బ్రహ్మనాయుడు నెలకొల్పెనని ప్రసిద్ధికెక్కిన చాపకూడు జ్ఞప్తికి వచ్చును. కులభేదము లేక అందరు నొకే చాపపై కూర్చుండి భుజించిరని ఈ సీమవారు నేటికిని గర్వముతో చెప్పుకొందురు. అట్టి సీమలో, పంక్తినుండి మనమే లేపివేయుచున్నవారు కొందరు కలరు. వారు జ్ఞాపకశక్తి నశించుచున్న వృద్ధులు.

భోజనమై గడియ గడవకముందే అన్నము పెట్టలేదనువానిని, కన్నకూతురినే ఎవరని యడుగునామెను చూచి చాదస్తమని నవ్వుదుము. అది చాదస్తము కాదు, మెదడునకు సోకిన వ్యాధి. వైద్యులు డిమెన్షియా యందురు. 2023లో వెలువడిన యొక పరిశోధన ప్రకారము మన దేశమున 60 ఏండ్లు దాటినవారిలో నూటికి 7.4 వంతున, సుమారు 88 లక్షలమందికి ఈ వ్యాధి కలదు.

వ్యాధికి తోడు వివక్ష వారిని బాధించును. చుట్టములు వచ్చినచో వెనుకగదికి పంపుదురు. ఎదుట నుండగనే లేనట్లు వారిని గూర్చి మాటాడుకొందురు. నోటిమాటకు లేని విలువ, భూమి వ్రాయించుకొనునపుడు మాత్రము వేలిముద్రకు వచ్చును! సాగరు కుడికాలువ క్రింద మిరప, ప్రత్తి పండు ఈ నేలలో ఇది చిన్నవిషయము కాదు.

చట్టము మనకంటె ఉదారమైనది. సాధారణముగా మతిస్థిమితము లేనివాడును స్థిమితముగా నున్నవేళ ఒప్పందము చేసికొనవచ్చునని, లేనివేళ చేసినది చెల్లదని 1872 నాటి కాంట్రాక్టు చట్టమే చెప్పినది. 2017 నాటి మానసిక ఆరోగ్య రక్షణ చట్టము తీవ్రమైన జ్ఞాపకలోపమును గూడ తన పరిధిలో చేర్చి, శరీరరోగులతో సమానముగా చికిత్స జరుగవలెననియు, రోగమున్నంత మాత్రమున మతిలేనివాడని ఎంచరాదనియు శాసించినది. పోషింతుమను షరతుపై ఆస్తి పొంది విడనాడినచో, 2007 నాటి వృద్ధుల సంక్షేమ చట్టము క్రింద ఆ బదిలీని రద్దు చేయించుకొనవచ్చును. అందుకై రెవెన్యూ డివిజను ట్రిబ్యునలు నాశ్రయింపవలెను. నరసరావుపేట, గురజాల అట్టి డివిజను కేంద్రములే.

అయినను ఆదరము చట్టమువలన కలుగదు, అలవాటువలన కలుగవలెను. వ్యాధికి గల కించపరచు పాతపేరును జపాను ప్రభుత్వము 2004లో మార్చివేసినది. మన ఉపాధ్యాయులును తరగతిలో ‘మతిలేనివాడు’ అను మాటను మాన్పింపగలరు. తాత ఒకే ప్రశ్నను పదిసార్లడిగిన, విద్యార్థి పదిసార్లును విసుగక బదులు చెప్పగలడు. అన్నము తిన్న సంగతి ఆయన మరచిపోవచ్చును. పంక్తిలో ఆయనకు చోటున్నదని మనము మరువరాదు.