పండుగ భోజనం... పగటి నిద్ర

ఈద్గాలో నమాజు ముగిసింది. ఆలింగనాలు, ముబారక్‌లు అయ్యాయి. ఇంటికి రాగానే షీర్ ఖుర్మా. మధ్యాహ్నం దస్తర్‌ఖాన్ మీద బిర్యానీ, దాల్చా, పెరుగు పచ్చడి. అతిథి 'చాలు' అంటే మన ఇళ్లలో వినేవారెవరు? ఇంకో గరిటె పడనే పడుతుంది. చేతులు కడుక్కుని గోడకు ఆనుకున్న కాసేపటికే పెద్దల గురక మొదలు. పుంగనూరులో మేము చిన్ననాటి నుంచీ చూస్తున్న దృశ్యమే ఇది. బక్రీదుకూ ఇంతే. దీన్ని చూసి నవ్వుకుంటామే గాని, ఎందుకిలా జరుగుతుందని ఆలోచించేవారు తక్కువ.

తిన్నది అరగడానికి నెత్తురంతా కడుపులోకి దిగుతుందనీ, మెదడుకు చాలదనీ, అందుకే మగత కమ్ముతుందనీ పెద్దలు మాకు చెప్పేవారు. మేమూ చాలా ఏళ్లు పిల్లలకు అదే చెప్పాము. అందులో సగమే నిజం. భోజనం తర్వాత పేగులకు రక్తం ఎక్కువగా వెళ్లే మాట వాస్తవమే. కాని ఆరోగ్యవంతుని గుండె అందుకు తగినట్టు ఎక్కువ రక్తాన్ని పంపుతుంది. మెదడు వాటా తగ్గదు.

మరి అసలు కారణమేమిటి? ఒకటి కాదు, కొన్ని కలుస్తాయి. కొవ్వు, మాంసకృత్తులు చిన్నపేగును చేరగానే కోలిసిస్టోకైనిన్ అనే హార్మోను వెలువడుతుంది. 'ఇక చాలు' అనే కబురు మెదడుకు అందుతుంది. ఆకలి తీరడంతో పాటే ఒళ్లు విశ్రాంతి కోరుతుంది. నెయ్యి దండిగా పడిన భోజనం కడుపులోంచి ఆలస్యంగా కదులుతుంది గనుక ఆ బరువు గంటల తరబడి ఉంటుంది.

మనల్ని మెలకువగా ఉంచే ఒరెక్సిన్ అనే పదార్థాన్ని 1998లో శాస్త్రజ్ఞులు గుర్తించారు. చక్కెర పెరిగితే ఆ ఒరెక్సిన్ కణాలు మందగిస్తాయని 2006లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయం వారు ఎలుకల మెదడు కణాలపై పరిశోధించి చూపారు. అన్నం, తీపి ఎక్కువైన నాడు కళ్లు మూతపడడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. అమెరికాలో థాంక్స్‌గివింగ్ పండుగ నాటి నిద్రకు టర్కీ కోడి మాంసంలోని ట్రిప్టోఫాన్ కారణమని ఒక నమ్మకం ఉంది. నిజానికి అది మన నాటుకోడిలోనూ దాదాపు అంతే ఉంటుంది. తప్పు కోడిది కాదు, నిండిన పళ్లేనిది!

ఇంకొక సంగతి. మధ్యాహ్నం ఒంటి గంట, మూడు గంటల మధ్య మనిషి చురుకుదనం సహజంగానే తగ్గుతుంది. భోజనం చేయని వారికీ ఇది తప్పదు. రంజాన్ ఈదుకైతే దీనికి నెల రోజుల నిద్ర బాకీ తోడవుతుంది. రాత్రి తరావీహ్, తెల్లవారకముందే సహెరీ, చివరికి చాంద్ రాత్ బజారు. పగటి పూట తిండి మానుకున్న శరీరానికి ఒక్కసారిగా ఇంత విందు!

ఇది నవ్వుకుని వదిలే విషయం కాదు. భోజనం కాగానే భార్యాబిడ్డలను బండి ఎక్కించుకుని మదనపల్లెకో, పలమనేరుకో, కుప్పానికో బంధువుల ఇంటికి బయలుదేరేవారు మనలో ఎందరో. బండి నడిపేవాని కన్ను రెండు క్షణాలు మూతపడితే చాలు, పండుగ ఇల్లు శోకపు ఇల్లవుతుంది. ముందు ఇరవై నిమిషాలు కునుకు తీసి, తర్వాతే బయలుదేరండి. మధ్యాహ్నపు ఈ కునుకే ఖైలూలా. దైవప్రవక్త (సఅసం) సంప్రదాయంలో దానికి చోటుంది. కడుపులో మూడో వంతు ఆహారానికి, మూడో వంతు నీటికి, మూడో వంతు శ్వాసకు అని ఆయన బోధించిన పద్ధతిని పాటిస్తే ఈ ఇబ్బందిలో చాలా భాగం మొదటే తీరుతుంది.

వృద్ధులలో కొందరికి భోజనానంతరం రక్తపోటు పడిపోతుంది. దాదా, నానీలు చటుక్కున లేస్తే కళ్లు తిరిగి పడవచ్చు. కాసేపు కూర్చోబెట్టి, చేయి అందించి లేపండి. మామూలు రోజుల్లోనూ తిన్న ప్రతిసారీ మగత కమ్ముతుంటే పండుగ మీద నెట్టేయకుండా చక్కెర పరీక్ష చేయించాలి. తిన్నాక పది పదిహేను నిమిషాలు మెల్లగా నడవడం రక్తంలో చక్కెరను అదుపులో ఉంచుతుంది.

చివరగా ఒక మాట. తెల్లవారుజామున పొయ్యి ముట్టించినవారు, అందరూ తిన్నాక మిగిలింది తినేవారు, అంట్లు తోమేవారు మన ఇంటి ఆడవాళ్లు. నిద్ర బాకీ అందరికంటే వారిదే పెద్దది. మగవాళ్లు గురకపెట్టే వేళ వాళ్లు కళ్లు నులుముకుంటూ మరో విడత అతిథులకు టీ కాస్తుంటారు. ఈ సారి ఈదుకు దస్తర్‌ఖాన్ మనమే ఎత్తుదాం. పళ్లేలు మనమే కడుగుదాం. ఆ గంటసేపు వారు కునుకు తీస్తే, పండుగ ఇంట్లో అందరిదీ అవుతుంది.