కర్రపెండలంలో తెల్లదోమ నిరోధకత: కొలంబియా అనుభవం

కర్రపెండలం దాదాపు ఏడాదిపాటు నేలలో ఉండే పంట కావడంతో రసం పీల్చే పురుగులకు దీర్ఘకాలం ఆహారమవుతుంది. కొలంబియాలో అల్యూరోట్రాకెలస్ సోషియాలిస్ అనే తెల్లదోమ ఒక నెల ఆశిస్తే దిగుబడి 5 శాతం, 6 నెలలు ఆశిస్తే 42 శాతం, 11 నెలలు ఆశిస్తే 79 శాతం తగ్గినట్లు క్షేత్రప్రయోగాలు తెలిపాయి. అంతకాలం మందులు చల్లడం చిన్న రైతుకు గిట్టుబాటు కాదు. అందువల్ల పరిశోధకులు నిరోధక రకాలపై దృష్టి నిలిపారు.

అంతర్జాతీయ ఉష్ణమండల వ్యవసాయ కేంద్రం జరిపిన పరీక్షల్లో ఈక్వడార్‌కు చెందిన ఎం ఈక్యూ 72 రకం అధిక నిరోధకత చూపింది. దానిపై తెల్లదోమ తక్కువ గుడ్లు పెడుతుంది; పిల్లపురుగుల ఎదుగుదల మందగిస్తుంది; తొలిదశలోనే 70 శాతానికి పైగా మరణిస్తాయి. పురుగు జీవనాన్నే దెబ్బతీసే ఈ విధానాన్ని యాంటీబయోసిస్ అంటారు. నష్టాన్ని ఓర్చుకొనే సహనశీలత దీనికి భిన్నమైనది. ఈ రకాన్ని బ్రెజిల్ రకమైన ఎం బ్రా 12తో సంకరపరచగా వచ్చిన నటైమా-31ను 2003లో కొలంబియా రైతులకు విడుదల చేశారు.

అయితే ఈ ఫలితాన్ని భారతదేశానికి యథాతథంగా అన్వయించరాదు. ఇక్కడ బెమీసియా టబాసి అనే వేరొక తెల్లదోమ మొజాయిక్ వైరస్‌ను వ్యాపింపజేస్తుంది. వైరస్ వ్యాప్తికి కొద్దిపాటి దోమలు చాలు. కనుక రకాల ఎంపికలో కీటక నిరోధకతను, వైరస్ నిరోధకతను వేర్వేరుగా పరీక్షించడం అవసరం.