సాల్మన్ పంజరాల అడుగు లెక్క

సముద్రంలో సాల్మన్ చేపలను పెంచే పంజరంలో చల్లిన మేతంతా చేపల నోటికి చేరదు. తప్పిపోయిన గుళిక సెకనుకు సుమారు 10 సెంటీమీటర్ల వేగంతో కిందికి దిగుతుంది. మలం తేలిక, దాని వేగం 3 సెంటీమీటర్లే. 30 మీటర్ల లోతు, సెకనుకు 5 సెంటీమీటర్ల ప్రవాహం ఉన్నాయనుకుంటే, గుళిక అయిదు నిమిషాల్లో నేల తాకి 15 మీటర్ల దూరంలో పడుతుంది. మలం పావుగంటకు పైగా కొట్టుకుపోయి 50 మీటర్ల అవతల పడుతుంది. 1980లలో శాస్త్రవేత్తల చేతిలో ఉన్నది దాదాపు ఈ గుణకార భాగహారాలే.

కానీ సముద్రం ఒకే దిక్కున, ఒకే వేగంతో పారదు. స్కాట్లాండ్ పడమటి తీరాన, ఓబన్ దగ్గరి డన్‌స్టాఫ్‌నేజ్ ప్రయోగశాలలో క్రోమీ, నికెల్, బ్లాక్ అనే ముగ్గురు ఈ మార్పులను కూడా లెక్కలోకి తీసుకునే ‘డెపోమాడ్’ అనే కంప్యూటర్ నమూనా తయారుచేసి, 2002లో ప్రకటించారు. పట్టణాల మురుగు గొట్టాల కోసం పుట్టిన ‘బెన్‌ఆస్’ నమూనా దీనికి మాతృక. ఈ వంశం గురించి సాల్మన్ కంపెనీలు గొప్పగా చెప్పుకోవు లెండి.

డెపోమాడ్ ఒక్కో కణాన్నీ పంజరం నుంచి వదిలి, పోటులోనూ పాటులోనూ దాని వెంటే వెళుతుంది. అందుకే ప్రవాహాన్ని కనీసం 15 రోజులు కొలిచేవారు. అమావాస్య, పౌర్ణముల పెద్ద పోటు, అష్టమి నాటి చిన్న పోటు రెండూ అందులో వస్తాయి.

కణం పడటం దాకా లెక్క సులువే. పడింది మళ్లీ లేస్తేనే చిక్కు. ఫ్లోరసెంట్ కణాలను సముద్రంలోకి వదిలి, తర్వాత అడుగు మట్టిలో వాటిని వెతికి ఈ భాగాన్ని సరిచూశారు. అడుగు ప్రవాహం సెకనుకు 9.5 సెంటీమీటర్లు దాటితే మడ్డి లేస్తుందన్నది డెపోమాడ్ సూత్రం. బురదైనా గులకరాళ్లయినా అదే అంకె! దాంతో ప్రవాహం బలంగా ఉన్నచోట వ్యర్థమంతా నమూనా లెక్కగట్టే పరిధి దాటి కొట్టుకుపోయి, కాగితం మీద అడుగు శుభ్రంగా కనిపించేది. నా దృష్టిలో ఈ నమూనా అసలు బలహీనత ఇదే. ఎందుకంటే స్కాట్లాండ్ పర్యావరణ సంస్థ సెపా, ఏ పంజరంలో ఎన్ని టన్నుల చేపలు పెంచవచ్చో ఈ లెక్క చూసే తేల్చేది.

లెక్క తప్పి మడ్డి మితిమీరితే సముద్రపు నేలలో ఆక్సిజన్ అయిపోతుంది. బెజియటోవా బ్యాక్టీరియా తెల్లటి పొరలా పరుచుకుంటుంది. కాపిటెల్లా పురుగులు తప్ప మిగతావి చాలావరకు మాయమవుతాయి.

ఇప్పుడు డెపోమాడ్ స్థానంలో న్యూడెపోమాడ్ వచ్చింది. 2019లో సెపా నిబంధనలూ మారాయి. అయినా పడవ మీంచి అడుగు మట్టి తోడి, జల్లెడ పట్టి, పురుగులు లెక్కపెట్టే పని అలాగే ఉంది.