కబడ్డీలో సందిగ్ధ క్షణాల తీర్పు: స్థానం, కూత, నియమార్థం

కీలకపదాలు: కబడ్డీ, కూత, లాబీ, అంపైర్, నియమార్థం, ఉత్తర తెలంగాణ.

1. ఉపోద్ఘాతం

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల పల్లెల్లో కబడ్డీకి బడి మైదానమే బరి. రేగడి నేలపైనో, చెల్క నేలపైనో సున్నంతో గీసిన గీతలు నాలుగు కూతలు పూర్తయ్యేసరికి పాదాల కింద చెదిరిపోతాయి. ఒక్క పాయింటుతో గెలుపోటములు తేలే ఆటలో చెదిరిన ఆ గీతే వివాదానికి మూలమవుతుంది. ఇటువంటి సందర్భాల్లో తీర్పుకు చురుకైన చూపు ఒక్కటే చాలదు. నిర్ణేత నిలిచిన చోటు, విన్న కూత, నియమానికి చెప్పుకున్న అర్థం అనే మూడూ తీర్పును నిర్ణయిస్తాయని వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. చూపుల విభజన

కబడ్డీ పోటీని ఒక రెఫరీ, ఇద్దరు అంపైర్లు, ఒక స్కోరర్, ఇద్దరు సహాయ స్కోరర్లు నిర్వహిస్తారు. పురుషుల బరి పొడవు 13 మీటర్లు, వెడల్పు 10 మీటర్లు. అంత స్థలాన్ని ఒక్కరి చూపు పట్టలేదు. అంపైర్లు బరికి ఇరువైపులా నిలిచి, రైడర్ అని పిలిచే కూతగాడి కదలికను అనుసరిస్తారు. సహాయ స్కోరర్లు వెనుక గీతలను కనిపెట్టి ఉంటారు. అంపైర్లు విభేదిస్తే తుది నిర్ణయం రెఫరీది.

బాస్కెట్‌బాల్‌లోనూ ఇదే సూత్రం ఉంది. ముగ్గురు అధికారుల పద్ధతిలో ఒకరు బుట్ట వెనుక గీత వద్ద, మిగిలిన ఇద్దరు చెరొక పక్క గీత వద్ద నిలిచి కోర్టును పంచుకుంటారు. ఇద్దరు ఆటగాళ్ల మధ్యనున్న ఖాళీ కనిపించే కోణంలో నిలిచినవారికే తాకిడి జరిగిందో లేదో తెలుస్తుంది. ఒకరి వీపు వెనుక చిక్కుకున్నవారికి ఊహే మిగులుతుంది.

3. కంటికీ చెవికీ పరీక్ష

కూత ప్రత్యర్థి బరిలో అడుగుపెట్టకముందే మొదలుకావాలి. ఒకే ఊపిరితో, స్పష్టంగా సాగాలి. మధ్యగీతకు తిరిగి చేరేదాకా తెగకూడదు. పట్టులో చిక్కిన కూతగాడు చేయి చాచి గీతను అందుకునే క్షణంలో అంపైర్ కన్ను వేలికొసపైన, చెవి కూతపైన ఉండాలి. ప్రేక్షకుల కేరింతల నడుమ ఇది సులభం కాదు. బోనస్ పాయింటుకు ఎదుట కనీసం ఆరుగురు డిఫెండర్లుండాలి. కూతగాడి ఒక పాదం బోనస్ గీతను దాటినప్పుడు రెండో పాదం గాలిలో ఉండాలి. పక్కనుంచి చూసేవారికే ఆ రెండు పాదాలూ ఒకేసారి కనిపిస్తాయి. డిఫెండర్ హద్దు దాటితే అంపైర్ అతని నంబరును బిగ్గరగా ప్రకటిస్తాడు; కూత ఇంకా సాగుతున్నందున విజిల్ ఊదడు.

4. నియమార్థ వివాదం

2023 అక్టోబర్ 7న హాంగ్‌జౌ ఆసియా క్రీడల పురుషుల ఫైనల్‌లో భారత్, ఇరాన్ 28-28తో సమంగా ఉన్న దశలో పవన్ సెహ్రావత్ ఎవరినీ తాకకుండానే లాబీలోకి వెళ్లాడు. ఇరాన్ డిఫెండర్లు అతణ్ణి వెంబడించారు. తాకిడి జరిగాకే లాబీ ఆటస్థలంలో భాగమవుతుంది. కూతగాడు లాబీలో కాలుపెట్టగానే ఆ కూత ముగిసిందన్నది ఒక వ్యాఖ్యానం. వెంబడించిన డిఫెండర్లూ ఔటేనన్నది మరో వ్యాఖ్యానం. తీర్పు మారుతూ వచ్చి, ఆట సుమారు గంటసేపు నిలిచిపోయింది. చివరకు భారత్ 33-29తో గెలిచింది. కెమెరా సంఘటనను చూపగలిగింది గాని నియమానికి అర్థం చెప్పలేకపోయింది.

5. ముగింపు

సందిగ్ధత రెండు విధాలు. ఏం జరిగిందన్న సందేహాన్ని సరైన చోట నిలిచిన నిర్ణేత తీర్చగలడు. జరిగినదానికి ఏ నియమం వర్తిస్తుందన్న సందేహానికి ఆటకు ముందే సమాధానం ఉండాలి. కెమెరా లేని పల్లె మైదానంలో విరామ సమయంలో గీతలను మళ్లీ గీయడం, టాస్‌కు ముందు లాబీ, బోనస్ నియమాలను ఇరుజట్లకూ తెలుగులో చదివి వినిపించడం ఖర్చులేని జాగ్రత్తలు. అప్పుడు ఓడిన జట్టు కూడా తీర్పులోని న్యాయాన్ని గుర్తించగలుగుతుంది.