మీటలు నొక్కుట – తీగెలు మీటుట

సంగీతము నేర్వనివానికి తానే వాయించుచున్న యనుభవము కలిగించు ఆటయంత్రములు పాతికేండ్లకు పూర్వమే జపాను, అమెరికా దేశములలో వెలసి, కొంతకాలము ఇంటింట మ్రోగి, పిదప అణగి, నేడు రూపు మార్చుకొని మన పిల్లల చేతి ఫోనులలో చేరియున్నవి. వీనిని గూర్చి మన పెద్దలు "అది యాట, ఇది విద్య, రెంటికిని పొత్తు లేదు" అని త్రోసివేయుదురు. పిల్లలు మాత్రము "మేము వాయించుచున్నాము" అందురు. ఈ రెండు మాటలలో నేది యెంతవఱకు నిజమో తేలవలెనన్నచో ఆ యంత్రము చేయు పనిని, తీగెవాద్యము చేయు పనిని ప్రక్కప్రక్కన నుంచి చూడవలెను.

ఈ తరగతి ఆటలకు తొలిరూపములు జపానులో నేర్పడినవి. కొనామి సంస్థ 1997లో బీట్‌మానియా యను యంత్రమును, 1999లో గిటార్ ఫ్రీక్స్ అను యంత్రమును ఆటశాలలలో నిలిపెను. రెండవదానికి గిటారు ఆకారముగల బొమ్మయు, దాని మెడపై మూడు మీటలును ఉండెడివి. అమెరికాలో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున చదివిన అలెక్స్ రిగోపులోస్, ఎరాన్ ఎగోజీ యను నిరువురు 1995లో హార్మోనిక్స్ సంస్థను స్థాపించిరి. ఎగోజీ స్వయముగ క్లారినెట్ వాదకుడు. వాద్యము పట్టువడుటకు కావలసిన యేండ్ల శ్రమ లేకయే వాయించుటలోని యానందమును సామాన్యునికి అందింపవలెనని వారి సంకల్పము. మొదట వారు కంప్యూటరుపై జాయ్‌స్టిక్కు త్రిప్పుచు స్వరకల్పన చేయుటకు వీలగు నొక సాధనమును వెలువరించిరి. అందు ఆడువాడు తన యిచ్చ వచ్చినట్లు కల్పన చేసికొనవచ్చును. అయినను కొనువారు లేక అది మూలబడినది. 2005 నవంబరులో రెడ్ ఆక్టేన్ సంస్థ ద్వారా వారు వెలువరించిన గిటార్ హీరోలో కల్పనకు చోటే లేదు. ఉన్న పాటను ఉన్నట్లు వెంబడించుటయే పని. అది మాత్రము దేశమంతట ప్రాకినది! స్వేచ్ఛ నిచ్చిన సాధనమును కాదని జనులు వెంబడించు సాధనమును కోరుకొనుట ఆలోచింపదగిన విషయము. 2007లో మైకు, డ్రమ్ములు, బేస్ గిటారు కూడ చేర్చి రాక్ బ్యాండ్ వచ్చినది. అదే యేట వచ్చిన గిటార్ హీరో మూడవ భాగపు అమ్మకము నూఱుకోట్ల డాలర్లు దాటినట్లు యాక్టివిజన్ సంస్థ 2009లో ప్రకటించెను.

ఆ బొమ్మ గిటారు మెడపై ఆకుపచ్చ, ఎఱుపు, పసుపు, నీలము, నారింజ వన్నెల మీటలు అయిదు కలవు. తీగెలుండవలసిన చోట క్రిందికి మీదికి కదలు నొక చిన్న పలక యుండును. తెరపై నొక బాట మనవైపు జరుగుచుండగా దానిపై రంగుబిళ్లలు దొర్లివచ్చును. బిళ్ల గీటును తాకిన క్షణమున ఆ రంగు మీటను ఎడమచేత నొక్కి, కుడిచేత పలకను కదల్పవలెను. సకాలమున చేసినచో పాటలోని గిటారు వినబడును. తప్పినచో ఆ గిటారు మాత్రము మూగవోయి, ఒక కటుశబ్దము వచ్చును. ఇందలి మర్మ మేమనగా, ఆ ధ్వని అంతకుముందే యొక విద్వాంసుడు వాయించి ముద్రింపించినది. ఆడువాని వ్రేలు దానిని పుట్టింపదు. తలుపు తెఱచును, మూయును. సుతారముగ నొక్కినను మొరటుగ నొక్కినను పలుకు ఒక్కటే. నిలుపు స్వరములను కొంచెము వణకించుటకు ఒక కడ్డీ కలదు. ధ్వనిపై వానికి గల యధికార మంతమాత్రమే. ఆకుపచ్చ మీట షడ్జమమనియు, ఎఱ్ఱ మీట రిషభమనియు నియమమును లేదు. ఒకచోట నొక స్వరమైనది ఆ పాటలోనే మఱియొకచోట వేఱు స్వరమగును. కావున ఎన్ని నెలలాడినను ఆ మీటలవలన స్వరస్థానజ్ఞానము కలుగదు.

దీనికి ప్రక్కన మన వీణను నిలిపి చూతము. 24 మెట్లు స్థిరముగ గల నేటి వీణ తంజావూరునందు రఘునాథనాయకుని కాలమున, అనగా 17వ శతాబ్దమున, రూపొందినదని ప్రసిద్ధి. ఆ రాజు తెలుగు కవియు నగుటచే తమిళదేశమున స్థిరపడిన మనకు ఆ వాద్యముతో రెండు విధముల చుట్టఱికము. పనసకఱ్ఱతో చేసిన కుండ, వాయించుటకు నాలుగు తీగెలు, ప్రక్కన మూడు తాళపు తీగెలు, మైనముపై నిలిపిన మెట్లు: సాధన మింతే. ఎడమచేతి చూపుడువ్రేలును నడిమివ్రేలును తీగెను మెట్టుపై నదిమి, అచ్చటనే ప్రక్కకు లాగి పై స్వరములను గూడ పలికించును. ఒక్క మెట్టుమీదనుండియే రెండు మూడు స్వరములు పుట్టును. ఎంత లాగినచో ఏ స్వరము తాకునో చెప్పుటకు రంగుబిళ్ల రాదు. చెవి చెప్పవలెను, వ్రేలు వినవలెను. తోడి రాగమున గాంధారము ఊగుచు పలుకును. ఆ మెట్టుపై వ్రేలుంచినంతమాత్రమున అది తోడి కానేరదు. మొదటి నెలలలో వ్రేలికొనలు మండును. తరువాత గాడి పడి కాయ కాయును. ఉక్కుతీగెల గిటారు నేర్చువానికిని ఇదే గతి.

అన్నిటికంటె పెద్ద భేదము వేఱొకటి. తీగెవాద్యము పట్టినవాడు మొదటినాడు వినునది తన యపస్వరమును. బొమ్మ గిటారు పట్టినవాడు మొదటినాడే వినునది ఘనవిద్వాంసుని వాదనమును. ఆ యపస్వరమును సహించి, దానిని కొంచెము కొంచెముగ సవరించుకొనుటయే సాధన యనబడును. ఆట ఆ దశను తప్పించినది. దాని యాకర్షణయు అదియే, దాని లోపమును అదియే.

అయితే ఈ కుటుంబములోని సాధనముల నన్నిటిని ఒకే త్రాసున తూచుట న్యాయము కాదు. రాక్ బ్యాండులోని డ్రమ్ములకు నాలుగు పలకలు, కాలితో త్రొక్కు నొక మీట కలవు. వానిపై కఱ్ఱలతో కొట్టుట నిజముగ కొట్టుటయే. రెండు చేతులును ఒక కాలును వేఱువేఱు నడకలు నడచుట అచ్చటను నేర్వవలెను. ఆ నేర్పు అసలు డ్రమ్ములకును పనికివచ్చును. మృదంగమున వలె ఒకే ముఖమునుండి మీటు, చాపు మొదలగు పలుకులను వేఱువేఱుగ రాబట్టుట మాత్రము అందు లేదు. ఇక మైకు విషయము చెప్పనక్కఱలేదు. అది శ్రుతిని కొలుచును గావున పాడువాడు నిజముగనే పాడవలెను. వినోద మేమనగా, మాట పలుకక కూనిరాగము తీసినను శ్రుతి నిలిచినచో యంత్రము మెచ్చుకొనును.

మఱి బొమ్మ గిటారు పట్టినవాడు చేయుచున్న పని యేమి? నా యభిప్రాయమున అతడు తాళము వేయుచున్న శ్రోత. మన కచేరీలలో ముందు వరుసల రసికులు తొడపై ఆదితాళము వేయుచు, ఒక దెబ్బ, మూడు వ్రేళ్ల లెక్క, రెండు ద్రుతములతో ఎనిమిదక్షరములు నడపుచు కూర్చుందురు. పాట వారు పాడుట లేదు. అయినను చేయి కదల్పక కూర్చున్నవానికంటె వారెక్కువ విందురు. ఎత్తుగడ సమమున నున్నదో, అరయక్షరము విడిచి వచ్చినదో వారి చేతికి తెలియును. కలగాపులగముగ వినబడు వాద్యబృందమునుండి ఒక్క గిటారు నడకను వేఱుచేసి వినుట ఆ యాటయు నేర్పును. బ్రౌన్ విశ్వవిద్యాలయ సంగీతశాస్త్రజ్ఞురాలు కిరి మిల్లర్ 2012లో వెలువరించిన ప్లేయింగ్ అలాంగ్ అను గ్రంథమున ఈ ఆటగాండ్రను శ్రద్ధగ పరిశీలించి, వారి చేష్టను ఒక విధమైన సంగీత ప్రదర్శనముగనే యెంచినది. నే నంతదూరము పోజాలను. శ్రవణవిద్య యన్నచో సమ్మతింతును.

యంత్రము వచ్చి సాధనను మ్రింగునను భయము క్రొత్తది కాదు. అమెరికా బ్యాండు సంగీతజ్ఞుడు జాన్ ఫిలిప్ సూసా 1906లోనే గ్రామఫోనును, తానే మ్రోగు పియానోను నిందించుచు వ్యాసము వ్రాసి, ఇక పిల్లలు వాద్యములు నేర్వరని వాపోయెను. వాద్యములు నశింపలేదు. నశించినది ఆ పియానో వ్యాపారమే. గిటార్ హీరోకును అట్టి దశయే పట్టినది. 2011 ఫిబ్రవరిలో యాక్టివిజన్ ఆ శాఖను మూసివేసెను. అంతకుముందు 2010లో రాక్ బ్యాండ్ మూడవ భాగమునకై 102 మీటల గిటారు నొకటి చేసిరి. 17 మెట్లు, 6 తీగెలు. ఒక్కొక్క కూడలి కొక్కొక్క మీట! అంత కష్టపడువాడు అసలు గిటారే కొనుక్కొనరాదా యని యెవరికైనను తోచును. ఆ తోచుటయే కాబోలు, 2011లో యూబీసాఫ్ట్ వారి రాక్‌స్మిత్ ఆట నిజమైన గిటారును యంత్రమునకు తగిలించి ఆడునట్లు వచ్చినది. అందు ధ్వనిని పుట్టించునది తీగెయే.

నేడు మన యిండ్లలో ప్లాస్టిక్ గిటారు అరుదు. ఫోను తెరపై జాఱు నల్లపలకలను వ్రేలితో తట్టు ఆట మాత్రము పిల్లలందఱికి పరిచితము. దానికంటె మనకు దగ్గఱిదైన విషయ మొకటి కలదు. మా ప్రాంతపు తెలుగు పిల్లలు పెక్కురు త్యాగరాజకృతులను తమిళలిపిలో చదివి పాడుదురు. ఆ లిపిలో క, గ లకు ఒకే యక్షరమగుటచే ప్రక్కన 2, 3, 4 అంకెలు వేసి భేదము చూపుదురు. అంకె చూచి అక్షరమును సరిగ నొత్తి, తాళము తప్పక పాడిన పిల్లను "ఈ చరణమున స్వామి రాముని నేమని యడిగెను?" అని ప్రశ్నించినచో మౌనమే సమాధానము. ఇదియు రంగుబిళ్లల వాదనమే. తమిళ విద్వాంసులను చిన్నబుచ్చుటకు ఈ మాట యనుట లేదు. ఆ కృతులను శిష్యపరంపరగ కాపాడినవారిలో వారు ముఖ్యులు, అర్థ మడిగి తెలిసికొని పాడినవారు వారిలో పెక్కురు. ఇంట తెలుగు మాటాడుచు కృతిలోని తెలుగును అంకెలతో పాడు మన పిల్లలను గూర్చియే నా బాధ.

ఆటలో దిట్టలైన పిల్లలకు లయ త్వరగ కుదురునని, శ్రుతికడ మాత్రము తక్కినవారివలెనే తడబడుదురని నా తరగతిలో చూచితిని. కావున ఫోనును లాగికొనుటకంటె, అదే పాటకు చేతితో తాళము వేయించి, తరువాత తంబురా శ్రుతిలో పాడించి, ఆ పిదప తీగెకడకు తెచ్చుట మేలు. వేసవి తరగతులు నడపు సంఘములకు ఇది వ్యయములేని పని. మన ప్రాత యిండ్లలో అవ్వల కాలపు వీణలు గోడలకు వ్రేలాడుచున్నవి. ఏండ్ల తరబడి ముట్టనందున మైనము ఎండి మెట్లు కదలియుండును. అట్టి వీణలకు మరల మేళము కట్టువారు తంజావూరులో నేటికిని కలరు.